కాలం మారిందని గ్రామసభలో మాట్లాడటం ఎలా? గోదావరి డెల్టా ఊళ్లవాళ్ల కోసం

ఈ ఏడాది నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "మాస్టారూ, కాలం మారిపోయిందని మాకూ తెలుసు. మీటింగులో లేచి ఏం మాట్లాడాలి? మాట్లాడితే ఎవరు వింటారు?" సముద్రం పక్కనున్నవాళ్లూ అడిగారు, ఏటి మధ్య లంకల్లో ఉన్నవాళ్లూ అడిగారు, భీమవరం వైపు చేపల చెరువుల మధ్య ఇంకా వరి వేస్తున్నవాళ్లూ అడిగారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే వివరంగా రాసిపెడితే మేలనిపించింది.

నేను మొదటిసారి మాట్లాడింది మా ఊరి గ్రామసభలో. పది నిమిషాలు ధ్రువాల దగ్గర కరిగే మంచు గురించి, పొగ గొట్టాల గురించి చెప్పాను. పింఛను సంగతి అడగడానికి వచ్చిన ఆడవాళ్లు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. తీర్మానాల పుస్తకంలో "వాతావరణంపై చర్చించడమైనది" అని ఒక్క ముక్క రాశారు. ఆ ముక్క పట్టుకుని ఏ ఆఫీసుకు వెళ్లగలం? అదే సభలో ఒక రైతు లేచి, "ఆయ్, మా బోదె నీళ్లు నోట్లో పెట్టలేమండీ. నారు రెండుసార్లు పోశాను, రెండుసార్లూ మాడిపోయింది" అన్నాడు. (బోదె అంటే చేలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువ.) సభంతా ఆయన వైపు తిరిగింది. నేను పది నిమిషాల్లో చెప్పలేనిది ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. ఆయన దగ్గర లేనివి రెండే. ఒకటి లెక్క. రెండోది ఫలానా పని కావాలనే కోరిక. ఆ రెండూ ఎలా చేర్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి

- ఒక నోటుబుక్కు, పెన్ను. పెన్సిలుతో రాయకండి. తర్వాత దిద్దారని అంటారు.
- తేదీ, చోటు ఫోటో మీదే పడేలా పెట్టుకున్న ఫోను.
- ఉప్పు కొలవాలంటే టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపే చిన్న పరికరం. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఊరికి ఒకటి చాలు.
- వాన కొలవాలంటే అడుగూ మూతీ ఒకే వెడల్పు ఉన్న నిలువు డబ్బా, ఒక స్కేలు.
- అరవై దాటిన మనిషి ఒకరు, హైస్కూలు పిల్లలు ఇద్దరు. పెద్దవారికి జ్ఞాపకం ఉంటుంది, పిల్లలకు ఓపిక ఉంటుంది.
- కనీసం రెండు నెలల సమయం. ఒక సార్వా (వానాకాలం పంట) అంతా రాయగలిగితే మరీ మంచిది.

డబ్బు పెద్దగా అవసరం లేదు. ఫ్లెక్సీ అసలే వద్దు.

1. ఒక్క విషయం పట్టుకోండి

అన్నీ ఒకేసారి చెప్పాలనిపిస్తుంది. ఆగండి. మీ ఊరికి ఏది ఎక్కువ తగులుతోందో అదొక్కటే తీసుకోండి. సముద్రానికి దగ్గరైతే బోదెల్లోకి, బావుల్లోకి ఎక్కుతున్న ఉప్పు. లంక అయితే వరద, గట్టు కోత. మధ్య డెల్టా అయితే మాసూళ్ల (కోత, నూర్పిడి) రోజుల్లో వాన పడి పనలు నీళ్లలో నానడం. అమలాపురం, తణుకు లాంటి పట్టణమైతే రాత్రిళ్లు కూడా దిగని వేడి.

సరిగ్గా ఎంచుకున్నారో లేదో ఇలా చూడండి. ఆ మాట టీకొట్టు దగ్గర చెప్పండి. ముగ్గురిలో ఇద్దరు "మా ఇంట్లోనూ అదే" అంటే ఆ విషయం సరైనది. తల ఊపి మాట మార్చేస్తే ఇంకోటి వెతకండి.

ఒక జాగ్రత్త. పులస చేప తగ్గిపోయిందని మొదలుపెట్టకండి. మనందరికీ అది మనసుకు దగ్గర మాటే. కానీ ఏటికి అడ్డుకట్టలు, సన్నకన్ను వలలు, నీటి మురికి, ఇన్ని కారణాలు అందులో కలిసి ఉన్నాయి. అవతలివాడు ఒక్క ప్రశ్నతో మిమ్మల్ని కూర్చోబెట్టేస్తాడు.

2. కొలవండి, రాయండి

ఉప్పు కొలిచే పద్ధతి: ఒకే బోదె, ఒకే చోటు, వారానికి ఒకసారి. దాంతోపాటు ప్రతి అమావాస్యకీ పౌర్ణమికీ ఆ చుట్టుపక్కల రెండు రోజులు కొలవండి. పోటు ఎక్కువ వచ్చేది అప్పుడే. పోటు మీద (సముద్రం పైకి వచ్చేటప్పుడు) ఒకసారి, పాటు మీద (వెనక్కి దిగేటప్పుడు) ఒకసారి. తేదీ, తిథి, వేళ, మీటరు అంకె, నాలుగూ రాయాలి. కొలిచిన ప్రతిసారీ మీటరు కొనను మంచినీళ్లతో కడగండి. మధ్యమధ్యలో ఒకే రకం తాగునీటి సీసా తెచ్చి కొలిచి చూడండి. అంకె ప్రతిసారీ దాదాపు ఒకేలా వస్తే మీటరు బాగున్నట్టే.

అంకె అర్థమయ్యేందుకు మూడు కొండగుర్తులు. తాగే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన దేశ ప్రమాణం. వేరే నీళ్లు దొరకని చోట 2,000 వరకు ఒప్పుకుంటారు. సముద్రపు నీళ్లలో దాదాపు 35,000 ఉంటుంది. చవక మీటర్లు చాలావరకు పదివేల దగ్గర ఆగిపోతాయి. అక్కడ ఆగితే "పదివేలు దాటింది" అని రాయండి, మీ అంచనా అంకె వేయకండి.

వాన అయితే రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలవండి, వాతావరణ శాఖ లెక్కా ఆ వేళకే. డబ్బాను చెట్టు కింద, చూరు కింద పెట్టకండి. మీ లెక్కను మండలంలో గణాంకాధికారి దగ్గరుండే వర్షపాతం లెక్క పక్కన పెట్టి చూసుకోండి. కొంచెం తేడా ఉండటం మామూలే, వాన వీధికో తీరుగా పడుతుంది. మండలం లెక్క పాత ఏళ్లది కూడా అడగండి. నెల మొత్తం ఎంత పడిందని కాదు, ఎన్ని రోజుల్లో పడిందని చూడండి. మనకు నష్టం చేస్తున్నది ఎక్కువగా అదే. పది రోజుల్లో పడాల్సింది ఒక్క రాత్రి పడితే, అదే వాన చేనును ముంచుతుంది.

ముంపు అయితే నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో కల్వర్టు గోడ మీదో, బడి గోడ మీదో రంగుతో గీత గీసి తేదీ వేయండి. కరెంటు స్తంభాల జోలికి వెళ్లకండి. వరద పారుతున్నప్పుడు కాజ్‌వే మీదకు ఫోటోల కోసం వెళ్లడం, పిల్లల్ని పంపడం అస్సలు వద్దు. నీళ్లు తీశాక గోడ మీద ఉండే మట్టి చారను కొలిచినా సరిపోతుంది.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు "పూర్వం ఎలా ఉండేది?" అనకండి. పూర్వం అంతా బాగుండేదనే చెబుతారు. వాళ్లకు గుర్తుండే రోజులకు కట్టి అడగండి. "ఈ బావి 86 వరదకు ముందు తియ్యగా ఉండేదా?" "96 తుపాను నాటికి సముద్రం ఇక్కడికి ఎంత దూరం?" "2011లో పంట వేయకుండా క్రాప్ హాలిడే ఇచ్చిన ఏడు ఈ చేను మునిగిందా?" ఇలా అడిగితే తాతయ్యలు నెలతో సహా చెబుతారు. ఆ మాటను వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పేరు రాయాలంటే వాళ్ల అనుమతి తీసుకోండి.

3. కారణాలు విడదీయండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

బోదెలోకి ఉప్పు ఎందుకొచ్చింది? భూమి వేడెక్కి సముద్రం పెరుగుతోంది, అది నిజం. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం) లెక్క. కానీ అదొక్కటే కాదు. డెల్టా అంటేనే గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. పైన ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతే ఇక్కడ నేల కుంగుతుంది, తీరం కోసుకుపోతుంది. వేసవిలో ఏటిలో మంచినీళ్లు తగ్గితే పోటు నీళ్లు లోపలికి ఎక్కుతాయి. తీరంలో బోర్లు ఎక్కువైతే భూమి కింద నుంచి ఉప్పు వస్తుంది. చేను పక్కన రొయ్యల చెరువు నీళ్లు బోదెలోకి వదిలితే అక్కడి నుంచి వస్తుంది. డ్రెయిన్ చివర తూము తలుపులు తుప్పుపట్టి మూతపడకపోతే సముద్రం తిన్నగా మన చేలోకే వస్తుంది.

వీటిలో మీ ఊరికి ఏవి వర్తిస్తాయో నడిచి చూడండి. పోటుతో అంకె పెరిగి పాటుతో తగ్గితే సముద్రపు నీళ్లు వెనక్కి వస్తున్నట్టు. పోటుతో సంబంధం లేకుండా, పక్క చెరువులు నీళ్లు మార్చిన రోజు పెరిగితే కారణం అక్కడుంది. బోదె బాగుండి బావి మాత్రం ఉప్పగా ఉంటే భూమి కింద వెతకాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఆఫీసులో మాట జారిపోయే దారులు రెండున్నాయి. "ఇదంతా వాతావరణ మార్పు" అన్నారనుకోండి, "ప్రపంచం సమస్య కదండీ, మా చేతిలో ఏముంది" అంటారు. "డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీయండి" అని మాత్రమే అన్నారనుకోండి, "పోయినేడే తీశాం" అంటారు. రెండూ కలిపి చెప్పాలి. "వాన ఒక్కసారిగా పడుతోంది, పోటు ఎత్తుకు వస్తోంది. పాత లెక్కతో తవ్విన డ్రెయిన్ ఈ వానకు చాలదు. అందుకే ఏటా తీయాలి, తలుపులు బాగుచేయాలి, లోతు మళ్లీ లెక్కకట్టాలి." ఇలా చెబితే కాలం మారడమే వాళ్లు ఇప్పుడు కదలడానికి కారణమవుతుంది, చేతులెత్తేయడానికి సాకు కాదు.

శాస్త్రం కావాలంటే ఈ ఒక్క ముక్క చాలు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. భూమి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. ఆ తేమ దిగేటప్పుడు కుండపోతగా దిగుతుంది. ఇంతకు మించి గ్రామసభలో అక్కర్లేదు.

4. ఎవరిని అడగాలో తేల్చుకోండి

పంట కాలువ, మురుగు కాలువ ఒకటి కాదు. కాలువ జలవనరుల శాఖ ఇరిగేషన్ వాళ్లది, డ్రెయిన్ డ్రైనేజీ విభాగానిది. తప్పు ఆఫీసుకిచ్చిన అర్జీ తిరిగి రావడానికే నెల పడుతుంది. చిన్న బోదెల పూడిక పంచాయతీ ద్వారా ఉపాధి పనుల్లో పెట్టవచ్చు. నీళ్లు వదిలే తేదీ గురించి అయితే నీటి సంఘం ద్వారా వెళ్లండి, నీళ్ల పంపకంలో రైతుల మాట ఉండాలని 1997 చట్టం కింద పెట్టినవే అవి. విత్తనం సంగతి రైతు సేవా కేంద్రంలో. మడ అడవి నరుకుతుంటే అటవీ శాఖ.

అడిగే పని చేయగలిగినదై ఉండాలి. కొన్ని నమూనాలు: జూన్ మొదటికే నీళ్లు వదిలితే నవంబరు తుపాన్లకు ముందే మాసూళ్లు అయిపోతాయి, కాబట్టి తేదీ ముందే ప్రకటించండి. ముంపును రెండు వారాల దాకా ఓర్చుకునే స్వర్ణ సబ్-1 లాంటి రకాల విత్తనం నారుమళ్లకు ముందే ఊళ్లోకి తెప్పించండి. ఫలానా తూము తలుపులు మార్చండి. 17 లక్షల క్యూసెక్కులు దాటి ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక వచ్చినప్పుడు మా లంకకు పడవ ఎక్కడి నుంచి వస్తుందో ముందే రాసి అతికించండి.

కాలం చూసుకుని అడగడం కూడా పనిలో భాగమే. డ్రెయిన్ పనులు వేసవిలో కాలువలు కట్టేశాక జరుగుతాయి. ఏప్రిల్‌లో అడిగితే అంచనాలు వేసే వేళ దాటిపోతుంది. జనవరి 26 నాటికి మీ అర్జీ లోపల ఉండాలి.

5. మూడు నిమిషాల మాట రాసుకోండి

రాసుకోండి, చదవకండి. నాలుగు భాగాలుంటే చాలు: చూసింది, కొలిచింది, నష్టం, అడిగేది. నమూనా ఇదిగో. చుక్కలున్న చోట మీ నోటుబుక్కులో అంకెలు పెట్టుకోండి.

"అందరికీ నమస్కారమండీ. దిగువ చేలలో మేము పన్నెండు వారాలు బోదె నీళ్లు కొలిచాం. మామూలు రోజున మీటరు ...... చూపింది. అమావాస్య పోటుకు ...... చూపింది. ఆ వారమే నారు మాడింది. మొత్తం ...... ఎకరాల్లో నారు రెండోసారి పోయాల్సి వచ్చింది, ఎకరానికి ...... రూపాయలు అదనం. డ్రెయిన్ చివర తూముకి రెండు తలుపులు మూతపడటం లేదు, ఫోటో ఇదిగో. సముద్రం పోటు ఏటేటా పైకి వస్తున్న కాలంలో తలుపు లేని తూము ఉంటే, తలుపు లేని ఇల్లు ఉన్నట్టే. వచ్చే వేసవిలో ఈ రెండు తలుపులు మార్చాలని తీర్మానం చేయమని అడుగుతున్నాను."

అంతే. ఇంట్లో గడియారం పెట్టుకుని రెండుసార్లు చెప్పి చూడండి. "వాతావరణ మార్పు" అనే మాట పెద్దవాళ్లకు వానా ఎండా మారినట్టే వినబడుతుంది. "కాలం తప్పింది", "కార్తెలు తప్పాయి" అంటే వెంటనే అందుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనకు సామెతే ఉంది. ఆ ఎండ ఇప్పుడు మృగశిర వచ్చాక కూడా ఎన్ని రోజులు ఉంటోందో మీ నోటుబుక్కు చూసి చెప్పండి.

ఆడవాళ్లు మాట్లాడితే ఇంకా బలంగా ఉంటుంది. తాగే నీళ్ల కోసం బిందె పట్టుకుని దూరం నడిచేది వాళ్లే. మైకు ఇవ్వరని భయపడితే డ్వాక్రా సంఘం నుంచి ముగ్గురు కలిసి లేవండి.

6. పేరున్నవాళ్ల గొంతు తోడు తెచ్చుకోండి, కానీ కొలిచాకే

"సినిమా హీరో ఎవరైనా మాట్లాడితే బాగుండు" అని చాలామంది అంటారు. పేరున్నవాళ్లు మాట్లాడితే లోకం చూస్తుంది, కాదనను. అయితే వాళ్లలో ఎవరి మాట నిలిచిందో గమనించండి. 2009 అక్టోబరులో మాల్దీవుల అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ మంత్రివర్గ సమావేశాన్ని సముద్రం అడుగున పెట్టారు. 2021లో టువాలు మంత్రి సైమన్ కోఫే మోకాళ్ల లోతు సముద్రపు నీళ్లలో నిలబడి ప్రపంచ వాతావరణ సదస్సుకు తన ప్రసంగం పంపారు. గ్రెటా థన్‌బర్గ్ 2018 ఆగస్టులో స్వీడన్ పార్లమెంటు బయట ఒక్కతే ఒక అట్ట పట్టుకుని కూర్చుంది, అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. ఉత్తరాఖండ్ పాప రిధిమా పాండే 2017లో తొమ్మిదేళ్లప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కింది. నలుగురూ తామున్న చోటి నుంచే, తమకు తగిలిన దాని గురించే మాట్లాడారు. కోఫే నిలబడిన నీళ్లు ఒకప్పుడు వాళ్ల నేల. అందుకే ఆ మాట మనసుకు తాకింది.

మనకూ ఉదాహరణలున్నాయి. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్ వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటిస్తే ప్రభుత్వం కమిటీ వేయాల్సి వచ్చింది. మురుగు దిగని చేలు కూడా ఆ గొడవలో ఒక కారణం. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పక్కన కొబ్బరి చెట్లు తలలు వాల్చి మోడులైతే రైతులు ఊరుకోలేదు, చెబుతూనే ఉన్నారు. 2025 నవంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి ఆ తోటలు చూశారు. చెట్టు చచ్చాక వచ్చారని బాధ ఉంటుంది, న్యాయమే. కానీ రైతులు నోరు విప్పకపోతే ఎవరూ వచ్చేవారు కాదు.

మీ ఎమ్మెల్యేనో, గుడి ధర్మకర్తనో, రిటైరైన హెడ్మాస్టర్నో, ఊళ్లో అందరూ మాట వినే ఆర్‌ఎంపీ గారినో అడగండి. అడిగేటప్పుడు "మాకు మద్దతివ్వండి" అనకండి. "ఈ నెల అమావాస్య రోజు పోటు వేళకు తూము దగ్గరికి రండి, పది నిమిషాలు చాలు" అనండి. వచ్చినాయన చేతికే మీటరు ఇవ్వండి. తన కళ్లతో అంకె చూసిన మనిషి ఆ సంగతి నాలుగు చోట్ల చెబుతాడు.

జాగ్రత్త: ఒక పార్టీ వాళ్లనే పిలిస్తే రెండో పార్టీ వీధి మొత్తం దూరమవుతుంది. ఇద్దర్నీ పిలవండి, వేరువేరు రోజులైనా సరే. ర్యాలీ చేయాలనుకుంటే ముందుగా పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా అనుమతి అడగండి. సభలు, ఊరేగింపుల మీద ఆంక్షలు పెట్టే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందేమో కనుక్కోండి. పిల్లల మీద కేసులు పడితే ఊరంతా వెనక్కి తగ్గుతుంది.

7. సభ రోజు

వారం ముందే సర్పంచి గారికో, ప్రత్యేకాధికారికో, పంచాయతీ కార్యదర్శికో కాగితం ఇచ్చి మీ విషయం అజెండాలో పెట్టమని అడగండి. రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. ఏప్రిల్ 24, అక్టోబరు 2, జనవరి 26 లాంటి రోజుల్లో సభలు జరుగుతుంటాయి. అక్టోబరు 2 నుంచి మొదలయ్యే పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక సభలను వదలకండి. ఏడాది పనులు అందులోకే ఎక్కుతాయి, "పచ్చని, పరిశుభ్రమైన ఊరు" అని దానికొక అంశమే ఉంది.

తీర్మానం వాక్యం మీరే రాసి తీసుకెళ్లండి. నేను చేయకుండా నష్టపోయింది ఇదే. ఇలా ఉండాలి:

"గ్రామం దిగువన ఉన్న ...... డ్రెయిన్ చివరి తూము తలుపులు పనిచేయనందున పోటు సమయంలో ఉప్పునీరు ...... ఎకరాల్లోకి చేరుతున్నది. సదరు తలుపులను ...... నెలాఖరులోగా మార్చవలసిందిగా డ్రైనేజీ విభాగం కార్యనిర్వాహక ఇంజినీరు వారిని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

చోటు, నష్టం, పని, గడువు, ఎవరిని కోరుతున్నారు. ఐదింట్లో ఒకటి లేకపోయినా తీర్మానం పనిచేయదు. సభ అయిపోగానే పుస్తకంలో ఏం రాశారో అక్కడే చదవమనండి.

ఈ ప్రశ్నలు తప్పకుండా వస్తాయి

"తుపాన్లు మా తాతల నాడు లేవా?" ఉన్నాయని ముందే ఒప్పుకోండి. 1839లో కోరింగ రేవును తుపాను ఉప్పెన తుడిచేసింది. 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమ మరిచిపోలేదు. తుపాన్ల సంఖ్య పెరిగిందని వాదించకండి, బంగాళాఖాతం విషయంలో ఆ మాట నిలబడదు. ఉప్పెన ఇప్పుడు పెరిగిన సముద్రం మీద లేస్తోందని, వచ్చిన తుపాను ఎక్కువ వాన మోసుకొస్తోందని చెప్పండి.

"86 వరదే పెద్దది కదా?" అవును, దాదాపు 35 లక్షల క్యూసెక్కులు. 2022లో వచ్చింది 25 లక్షలు పైచిలుకు. కానీ 86ది ఆగస్టులో, 2022ది జులైలోనే, నారుమళ్లు, కొత్త ఊడ్పులు ఉండగానే వచ్చింది. ఒక్క వరదను చూపించి వాతావరణ మార్పే తెచ్చిందని అనకండి. అలాంటి వానలకు అవకాశం పెరుగుతోంది, మన ఏర్పాట్లు పాత తేదీల మీదే ఉన్నాయి, అదీ పాయింటు.

"మనమెంత, మన పొగెంత?" మన పొగ కొంచెమే. అందుకే మనం అడుగుతున్నది మన చేను నిలబెట్టుకునే పని. అది దానం కాదు కూడా. 2024 మార్చిలో సుప్రీంకోర్టు బట్టమేక పిట్టల కేసులో, వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద హక్కేనని చెప్పింది. ఈ మాట ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ఎక్కడిదో వరద వీడియో వాట్సాప్‌లో వస్తే మన ఊరిదని పంపడం. ఒక్క అబద్ధం దొరికితే పన్నెండు వారాల నిజం కొట్టుకుపోతుంది. మీరు తీయని ఫోటో వాడకండి.

చెరువులవాళ్లను సభలో దొంగల్లా నిలబెట్టడం. వాళ్లలో మీ బాబాయిలే ఉంటారు, మీ చేలో కౌలుదారే ఉంటాడు. సభకు ముందు వాళ్లింటికి వెళ్లి అంకెలు చూపించండి. నీళ్లు ఏ రోజు, ఏ డ్రెయిన్‌లోకి వదలాలో చాలా ఊళ్లలో కూర్చుంటే తేలే సంగతి. తేలకపోతే మత్స్యశాఖకు రాయండి.

మొక్కలు నాటి ఫోటో దిగి ఊరుకోవడం. మడ మొక్క పోటు నీళ్లు వచ్చి పోయే చోటే బతుకుతుంది. కోరింగ వైపు మడను తిరిగి పెంచినప్పుడు ముందు చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి నీళ్లు ఆడేలా చేశారు, తర్వాతే మొక్క నాటారు. ఇసుక దిబ్బ మీద నాటితే వేసవికి ఒక్కటీ మిగలదు.

పంట నష్టాన్ని అందరికీ కలిపి అంచనాగా చెప్పడం. పంట పోయినప్పుడు ప్రభుత్వమిచ్చే పెట్టుబడి రాయితీకి 33 శాతం, ఆపైన నష్టం ఉండాలి. చేను చేనుకీ వేరుగా, కోతకు ముందే ఫోటోలతో రాయించుకోండి. కౌలు రైతు పేరు ఈ-పంట (ప్రభుత్వ పంట నమోదు)లో ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే డబ్బు భూమి యజమానికి వెళ్తుంది.

పని అయిందో లేదో ఎలా చూసుకోవాలి

సభ అయిన వారంలో తీర్మానం నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. నకలు చేతికొచ్చాక నోటుబుక్కు జిరాక్సుతో కలిపి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి. "పరిష్కరించబడింది" అని మెసేజి వస్తే సంతోషపడేముందు తూము దగ్గరికి వెళ్లి చూడండి. పని జరగకుండా అర్జీ మూసేస్తే ఫోటోతో మళ్లీ తెరిపించవచ్చు.

పని నిజంగా జరిగితే కొలవడం ఆపకండి. తలుపులు మార్చాక వచ్చే మొదటి అమావాస్య పోటుకు అదే చోట, అదే వేళకు మీటరు ముంచండి. అంకె దిగిందా, పని సరిగ్గా చేశారు. దిగలేదా, నీళ్లు ఇంకో దారిన వస్తున్నాయి. మూడో మెట్టుకు వెళ్లి మళ్లీ వెతకండి. వచ్చే గ్రామసభలో ముందుగా పోయిన తీర్మానం చదివించి, ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, ఈసారి ఆ హైస్కూలు పిల్లల్లో ఒకరిని మాట్లాడనివ్వండి.